ఆముదం పూసిన సైకిల్

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద పొద్దున పూట కాసేపు మోటారు బండ్లను రానివ్వరు. ఆ కాసేపూ రోడ్డంతా నడిచేవాళ్ళదీ, సైకిళ్ళు తొక్కేవాళ్ళదీ. ఆదివారం వచ్చిందంటే మా ఆయన, మా అమ్మాయి, నేను ముగ్గురం అక్కడికి చేరుకుని అద్దె సైకిళ్ళు తీసుకుంటాం. పెద్దగా ఎత్తుపల్లాలు లేని రోడ్డు, పక్కనే సముద్రం, ఆయాసం వస్తే ఆగి తాగడానికి కొబ్బరిబోండాలు. చిన్నపిల్లలున్నవాళ్ళు కూడా హాయిగా తిరిగి రావచ్చు. నాకు మాత్రం అసలు సంతోషం తొక్కడంలో లేదు, సైకిళ్ళను వరసగా నిలబెట్టిన చోట వాటి మధ్యకు వెళ్ళి నిలబడటంలో ఉంది. మంచుకు తడిసిన టైర్ల రబ్బరు వాసన, గొలుసు నూనె వాసన, సీట్ల రెగ్జిన్ వాసన, వాటన్నిటి మీదా ఉప్పుగాలి. ఆ ఉప్పుగాలి ఒక్కటి తీసేస్తే అది అచ్చంగా కంభంలో మస్తాన్ మామ సైకిల్ దుకాణం. "మళ్ళీ వాసన చూస్తున్నావా అమ్మా" అని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ, నా ముక్కు నా ఇష్టం.

మా ఊరు కంభానికి అవతల, పొలాల మధ్య బాట పట్టి సైకిల్ మీద పోతే అరగంట దూరం. పడమటికి తిరిగితే నల్లమల కొండలు, తూర్పుకు తిరిగితే కంది, ఆముదం, సజ్జ పండే మెట్టచేలు, ఏ దిక్కుకు తిరిగినా ఎండ. వాన మీద బతికే ఊరు కాబట్టి నీళ్ళంటే మాకు వల్లమాలిన మోజు. సముద్రం మా ఇంట్లో ఎవరూ చూసినవాళ్ళు కారు. కంభం చెరువే మా సముద్రం. మంచి వానలు పడ్డ ఏడు ఆ చెరువు నిండితే కొండల కాళ్ళు తడిసేవి, కట్ట మీద నిలబడితే గాలికి ఓణీలు ఎగిరిపోయేవి, అలలు రాళ్ళకు కొట్టుకునే చప్పుడు వింటూ మా తమ్ముడు, "ఇంకో గట్టున ఏ దేశముంటాది నాయనా" అని అడిగేవాడు. "అర్ధవీడు ఉంటాది లేరా" అని పక్క ఊరి పేరు చెప్పేవాడు నాయన, ఏమాత్రం నవ్వకుండా.

ఆదివారం ఎండ చల్లబడ్డాక మా కుటుంబమంతా షికారు పోయేది ఆ చెరువుకే, అదీ ఒక్క సైకిల్ మీద. నాయన సీటు మీద, ముందు రాడ్డు మీద తువ్వాలు మడిచి వేసి నేనూ తమ్ముడూ, వెనక క్యారియర్ మీద ఒక పక్కకు తిరిగి అమ్మ, అమ్మ ఒళ్ళో తినడానికి బొరుగుల మూట. కాసేపటికే నా కాళ్ళు తిమ్మిరెక్కి, ఉన్నాయో లేవో తెలిసేది కాదు. తమ్ముడు గంట మీద చెయ్యి తీసేవాడు కాదు. ఎదురుగా ఎనుములు, అదే గేదెలు, వచ్చినా గంటే, ఎవరూ రాకపోయినా గంటే. ఆ బాటకు రుతువుకొక వాసన ఉండేది. తొలకరికి తడిసిన దుక్కి వాసన, తర్వాత కంది పూత, చలికాలంలో ఎండుతున్న మిరపకాయల ఘాటు, ఆ ఘాటుకు నలుగురం ఒకేసారి తుమ్మితే సైకిల్ వంకరటింకర పోయి మళ్ళీ దారికొచ్చేది. దసరా రోజుల్లో అడవి అంచు పల్లెల నుంచి ఆడవాళ్ళు సీతాఫలాల గంపలు నెత్తిన పెట్టుకుని ఎదురయ్యేవాళ్ళు. కళ్ళు విచ్చిన పండ్లు చూసి అమ్మ నాయన వీపు మీద తడితే చాలు, సైకిల్ ఆగేది. అంత బరువు వేసుకుని, అంత గతుకుల్లో మా నాయన ఒక్కసారైనా విసుక్కోలేదు. ఇప్పుడు చదును రోడ్డు మీద ఖాళీ సైకిల్ తొక్కడానికే రొప్పుతుంటాను కాబట్టి ఆయన మోకాళ్ళకు మనసులో రోజూ ఒక దండం పెడుతుంటాను.

మొదట్లో అవి ఉత్త షికార్లే. ఒక వానాకాలం నుంచి వాటి వెనక వేరే సంగతి నడిచింది.

అమ్మ పదో తరగతి పాసయింది. పక్క పల్లెలో అంగన్‌వాడీ పెడుతూ, అక్కడ అంత చదువుకున్న ఆడమనిషి లేకపోవడంతో అమ్మకు ఆ పని ఇచ్చారు. పిల్లలకు పాటలు నేర్పాలి, బరువు చూడాలి, ఉప్మా వండించి పెట్టాలి. అమ్మ ఆ పనిని ఎంతగా ఇష్టపడిందో చెప్పలేను. పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతూ కూడా పిల్లల పాటలు పాడుకునేది. చిక్కంతా దారితోనే వచ్చింది. ఆ పల్లెకు బస్సు లేదు. ఇంటి పనంతా ముగించి, పొలాల గట్ల మీద నడిచి, వాగు దాటి పోయేసరికి పిల్లలు వచ్చి, అమ్మ కోసం చూసి, తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. నాయన దింపి వద్దామంటే ఆయనకు పొద్దున పూటే చేలో పని. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ ఒకసారి చూసింది, రెండోసారి చూసింది, ఇక తేల్చి చెప్పింది. "దసరా మరునాడు మళ్ళీ వస్తానమ్మా. ఆ పొద్దు గూడ నువ్వు రాకముందే నేనొచ్చి నిలబడితే, ఈ పని ఇంకొకరికి ఇస్తాం. ఏమనుకోవద్దు." ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి పాట పాడలేదు.

నాయన మస్తాన్ మామ దగ్గరికి పోయాడు. మస్తాన్ మామకు కంభం బజారులో అద్దె సైకిళ్ళ దుకాణం. నాయనకు చిన్నప్పటి స్నేహితుడు, మాకు మామ. అప్పటి నుంచి మా ఆదివారం షికారు ఆ దుకాణం మీదుగా మళ్ళింది. మామ ఒక పాత లేడీస్ సైకిల్ తీసి ఇచ్చేవాడు. నాయన దాన్ని ఒక చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ కట్ట దగ్గరి చదును దాకా తెచ్చేవాడు. అక్కడ అమ్మ కొంగు నడుముకు బిగించి సీటెక్కేది, నాయన వెనక పట్టుకుని పరుగెత్తేవాడు. మేమిద్దరం బొరుగులు తింటూ తీర్పులు చెప్పేవాళ్ళం. "ముందుకు చూడు, కాళ్ళను చూడాకు" అని నాయన అరుస్తుంటే, "కాళ్ళు యాడున్నాయో తెలియకుండా ఎట్ల తొక్కేది?" అని అమ్మ ఎదురు అరిచేది. మోచేతులు గీరుకుపోయాయి, చీర అంచు గొలుసులో పడి చిరిగింది, నాయన కాలి బొటనవేలి గోరు పోయింది. చివరికొక సాయంత్రం నాయన చెయ్యి ఎప్పుడో వదిలేసి వెనక నిలబడిపోయాడని తెలియక అమ్మ తూము దాకా పోయి, వెనక్కి తిరిగి చూసి, భయంతో దిగి, ఆ సైకిల్‌నే పట్టుకుని ఏడ్చింది. నాకు తెలిసి అమ్మ సంతోషంతో ఏడవడం అదే మొదలు.

ఇదంతా మా అవ్వకు తెలియదు. అవ్వంటే నాయన వాళ్ళమ్మ. మా ఇంట్లో ఆమె చెప్పిందే మాట. నాయన చిన్నతనంలోనే తాత పోతే, పొలాన్నీ కొడుకునూ ఒక్కతే నిలబెట్టుకొచ్చిన మనిషి. నడుముకు పొగాకు తిత్తి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక తిట్టు. కోడలు అంగన్‌వాడీకి పోవడాన్ని ఆమె కాదనలేదు, చదువుకున్నది పిల్లలకు చెప్తే తప్పేముందని అంది. అయితే సైకిల్ మాట మొదటిసారి నాయన నోటి వెంట రాగానే, "ఆడది సైకిలెక్కి ఊళ్ళో తిరిగితే నలుగురూ నవ్వరా? నా గొంతులో పానముండంగ ఆ మాటెత్తాకు" అంది. అందుకే ఈ షికారు చాటు.

ఆ చాటు కాస్తా మా తమ్ముడి నోటి వల్ల బయటపడింది. ఒక రాత్రి అన్నాల దగ్గర అవ్వ, "ఏందిరా, చెరువు కాడ ఏం చూసినావు?" అని ముద్దుగా అడిగిందో లేదో, "ఈసారి అమ్మ పడలేదవ్వా! తూము దాకా తొక్కింది!" అన్నాడు. కంచాల మీద చేతులన్నీ ఆగిపోయాయి. తాను చేసిన ఘనకార్యం తెలియక వాడొక్కడే పచ్చడి కలుపుకుంటున్నాడు. అవ్వ కేకలేస్తుందని ఎదురు చూశాం. కేకలెయ్యలేదు. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. తర్వాత చాలా రోజులు నాయనతో మాట్లాడలేదు. అమ్మతో మాట్లాడవలసి వస్తే ఎనుముకు చెప్పేది. "ఇంట్లో ఉప్పు అయిపోయింది, ఎవరికైనా తెలుసో లేదో" అని ఎనుముతో అంటే, అమ్మ ఉప్పు తెచ్చి పెట్టేది.

దసరా దగ్గరపడింది. నాయన ఆ లేడీస్ సైకిల్‌ను మస్తాన్ మామ దగ్గర కొని ఇంటికి తెచ్చి, పశువుల కొట్టం గోడకు ఆనించాడు. అవ్వ దాని వైపు తిరిగి కూడా చూడలేదు.

మా ఇళ్ళల్లో దసరాకు నాగలి, కొడవళ్ళు, గడ్డపార, పార, తిరగలి, ఏ పనిముట్టునూ వదలకుండా కడిగి, పసుపు కుంకాలు పెట్టి పూజ చేస్తాం. ఓళిగలు (బొబ్బట్లు) కాల్చే వాసనకు మేం లేచేసరికి ఆ పూట వాకిట్లో అన్నీ వరసగా ఉన్నాయి. ఆ వరసలో, నాగలి పక్కన, అమ్మ సైకిల్. ఎవరు తెచ్చి పెట్టారో అడగనక్కర లేదు. హ్యాండిల్‌కు బంతిపూల దండ, గంటకు కుంకుమ బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు. సైకిలంతా తళతళ మెరుస్తోంది, చక్రాలు మరీ మెరుస్తున్నాయి. అవ్వ పొగాకు నములుతూ, మావైపు చూడకుండా, కొడవలికి పసుపు రాస్తోంది. అమ్మ గడపలో నిలబడి ఆ సైకిల్‌ను చూసి, అవ్వను చూసి, లోపలికి పోయి ఓళిగ మాడ్చేసింది. "అది కాలిపోతాంది, చూసుకో రమణా" అని అవ్వ కేకేసింది. అన్ని రోజుల తర్వాత ఆ మాట ఎనుముకు కాదు, నేరుగా అమ్మకే చెప్పింది. నాకైతే అసలు పండగ అప్పుడే వచ్చింది.

ఆ సాయంత్రం మొట్టమొదటిసారి మా ఇంటి నుంచి రెండు సైకిళ్ళు చెరువుకు బయల్దేరాయి. నాయన ముందు తమ్ముడు, అమ్మ వెనక నేను. కొత్త గౌను వేసుకుని అమ్మ నడుము పట్టుకుని కూర్చున్న ఆ ప్రయాణంలో ఊరి నుంచి చెరువు దాకా ఎక్కడా బ్రేకు పట్టాల్సిన అవసరం రాలేదు. గతుకులే గానీ ఎక్కడా పల్లం లేదు, చివర కట్ట మీదికి నిటారుగా ఎక్కడమే. కట్ట మీద బొరుగులు తిన్నాం, సీతాఫలాల గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో చూసుకున్నాం. తిరుగుదారిలో కట్ట దిగేచోట మాత్రం నిటారు పల్లం. అమ్మ బ్రేకు నొక్కింది. సైకిల్ ఆగలేదు. రెండు బ్రేకులూ నొక్కింది. ఇంకా జోరందుకుంది. "ఏమయ్యా!" అని అమ్మ అరవడం, నేను కళ్ళు మూసుకోవడం, దారి పక్క కళ్ళంలో కొత్తగా వేసిన బుడ్డల కట్టె వామిలోకి, అంటే వేరుశనగ తీగల కుప్పలోకి, సైకిల్‌తో సహా మేమిద్దరం దూరిపోవడం, అన్నీ ఒక్కసారే జరిగాయి. బుడ్డలు ఒలిచేసిన ఆ కట్టె మెత్తగా ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. అమ్మ గాజులు పగిలి ముంజేయి కోసుకుంది, నా గడ్డం చీరుకుంది. నోట్లోకి పోయిన ఆకులు ఉమ్మేసుకుంటూ నేను గట్టిగా ఏడుపు మొదలుపెట్టాను.

నాయన పరుగెత్తుకొచ్చి మమ్మల్ని లేపాడు. తర్వాత సైకిల్‌ను లేపి చక్రం తిప్పి చూశాడు. రిమ్ము మీద వేలు రాసి, వాసన చూసి, అమ్మ ముక్కు దగ్గర పెట్టాడు. ఆముదం. బండి ఇరుసుకు ఆముదం వెయ్యనిదే అవ్వ ఏనాడూ బండి కట్టనిచ్చేది కాదు. చక్రమంటే ఏదైనా చక్రమే గదా అనుకుని, కోడలి సైకిల్ ఎక్కడా కిర్రుమనకుండా సాఫీగా పోవాలని, ఇరుసులతో పాటు రెండు రిమ్ములకూ కూడా పట్టించి రుద్దింది. బ్రేకు రబ్బర్లు పట్టుకోవడానికి చోటే లేకుండా చేసింది. నాయనకు కోపం, నవ్వు రెండూ వచ్చాయి. "అత్తకు చెప్పాకండి. ఎవరూ చెప్పాకండి" అంది అమ్మ. ఆ రెండో మాట తమ్ముడి వైపు తిరిగి అంది.

తమ్ముడు చెప్పవలసిన పని లేకపోయింది. వాకిట్లోకి రాగానే అవ్వ ముందు మా గాయాలు చూసింది, తర్వాత సైకిల్ చూసింది. రిమ్ముల చుట్టూ ఆముదానికి అంటుకుపోయిన ఆకులూ దుమ్మూ చూసింది. "బిరేకు పట్టలేదా?" అని నాయనను అడిగింది. వెంటనే పొయ్యిలో బూడిద తెచ్చుకుని, చీకటి పడేదాకా ఆ చక్రాలు తోముతూ కూర్చుంది.

ఈలోగా ఊరంతా తెలిసిపోయింది. దసరా నాడు మొదలుపెట్టింది కలిసి వస్తుందనీ, ఆ నాడు చెడితే ఇక దాన్ని ముట్టుకోకూడదనీ మా వైపు గట్టి నమ్మకం. పక్కింటి పెద్దమ్మ పరామర్శకు వచ్చి, "పండగ పూటే పడితివి. అమ్మోరికి ఇష్టం లేనట్లుంది రమణా" అని చెప్పి పోయింది. కొండంత ధైర్యం తెచ్చుకున్న అమ్మ ఆ ఒక్క మాటకు కుదేలైంది. మరునాడే సూపర్‌వైజరమ్మ వచ్చేది.

తెల్లవారింది. ఆ పూట నాయన దింపుదామనుకున్నాడు గానీ అమ్మే వద్దంది. "ఈ పొద్దు నువ్వు దింపుతావు, రేపెట్ల? నేను నడిచే పోతా. అందితే అందుతా, లేకుంటే లేదు" అంటూ చెప్పులేసుకుంది. గొంతు మామూలుగానే ఉంది గానీ కళ్ళు అట్లా లేవు. అప్పుడు అవ్వ పశువుల కొట్టం నుంచి సైకిల్‌ను తానే తోసుకుంటూ వాకిట్లోకి తెచ్చి నిలబెట్టింది.

"ఎక్కు."

"వద్దులే అత్తా."

"అమ్మోరు చేసిందేం లేదు. చేసింది నేను. ఎక్కు" అంది అవ్వ. మాతో ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. "మీ మామ పోయినాక మిరక్కాయల బండి నేనే తోలుకొని కంభం సంతకు పోయినా. వీధి మొదులు నుంచి చివర దాకా నవ్వినారు. ఆ నవ్వు నీకొద్దనే సైకిలొద్దన్నా. ఆ పొద్దు నా ఎనక కూర్చునేదానికి ఒక మనిషి లేకపాయె. నీ ఎనక నేను కూర్చుంటా. నడుపు. పడితే ఇద్దరం పడదాం."

అమ్మ ఎక్కింది. అవ్వ తెల్లచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, పొగాకు తిత్తి సర్దుకుని, క్యారియర్ మీద కూర్చుని కోడలి భుజం పట్టుకుంది. సైకిల్ రెండు వంకర్లు తిరిగి సర్దుకుంది. నేనూ తమ్ముడూ వెనక పరుగు. రచ్చకట్ట దగ్గర మగవాళ్ళు బీడీలు నోట్లోనే మరిచిపోయారు. అత్త కోడలి సైకిలెక్కడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ తల తిప్పి, "ఏందిరా నవ్వుతావు? రేపు నువ్వూ మీ అత్తను ఎక్కించుకో" అంది. ఈసారి ఊరు నిజంగానే నవ్వింది గానీ ఆ నవ్వు వేరు. ఊరి చివర దాకా పరుగెత్తి ఆగిపోయాం. కంది చేల మధ్య నుంచి ఆ తెల్లచీర కనబడినంతసేపూ చూశాం.

సూపర్‌వైజరమ్మ వచ్చేసరికి పిల్లలు వరసగా కూర్చుని పాట పాడుతున్నారట. మూలన ఉన్న ముసలావిడ ఎవరని ఆమె అడిగితే, "మా అత్త. నన్ను దింపేదానికి వచ్చింది" అందట అమ్మ. అవ్వ మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, ఉప్మా తిని, ఉప్పు తక్కువైందని వంక పెట్టి వచ్చింది. ఆ పని అమ్మకు నిలిచింది. రిటైరయ్యేదాకా ఆ పల్లెలో పుట్టిన పిల్లలందరికీ మొదటి పాట అమ్మే నేర్పింది. మా చదువులు, ఈ రోజు నేనిట్లా తీరిగ్గా కూర్చుని రాసుకోగలగడం, అన్నీ ఆ పనిలోంచి వచ్చినవే. ఆ తర్వాత ఆదివారం షికార్లకు అవ్వ కూడా వచ్చేది, ఎప్పుడూ అమ్మ వెనకే. నాయన ఎక్కించుకుంటానంటే, "నీకు పల్లంలో నిదానం లేదు" అనేది.

ఇప్పుడు అవ్వ లేదు. మస్తాన్ మామ దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పొలాల బాట తారు రోడ్డయింది, పిల్లలు ఆటోల్లో బడికి పోతున్నారు, ఆ కళ్ళాలూ లేవు, వాములూ లేవు. కంభం చెరువు మాత్రం ఉంది, వానలు కరుణించిన ఏడు నిండుతూనే ఉంది. ఉన్నంత కాలం ఉన్నవాటి మీద నాకు ఫిర్యాదు లేదు. అవన్నీ నా చిన్నతనంలోనే ఉండటం నా అదృష్టం.

మొన్న చలికాలంలో అమ్మ మా ఇంటికి వచ్చింది. సముద్రాన్ని చాలాసేపు చూసి, "అవతలి గట్టు కనపడదు గాని, మన చెరువు కన్నా ఏం గొప్ప?" అని తేల్చేసింది. ఆదివారం బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళాం. మా అమ్మాయి మంచి సైకిల్ ఒకటి ఏరి తెచ్చి, "ఎక్కు అమ్మమ్మా, ఈ రోడ్డు చాలా ఈజీ" అంది. అమ్మ హ్యాండిల్ పట్టుకుంది, బ్రేకు నొక్కి చూసింది, మెచ్చుకుంది. ఎక్కబోతూ వెనక్కి చూసి ఆగింది.

"ఏందే ఇది, ఎనక కూర్చునేదానికి చోటే లేదు. ఒక్కదాన్నే ఎక్కి యాడికి పొయ్యేది?"

క్యారియర్ ఉన్నది ఒక్కటైనా దొరుకుతుందా అని వరసంతా వెతికాను. లేదు. ఆ పొద్దున సైకిళ్ళు అక్కడే వదిలేసి, నలుగురం నడుచుకుంటూ వెళ్ళాం.